ఉప్పుగాలిలో ఏరియల్ జాయింటు
(మన తీరపు వైర్‌లెస్ చరిత్రలో ఒక చిన్న అధ్యాయం)

ప్రత్యేక సంచికకు ఎవరి శాఖ చరిత్ర వారు రాయాలని సంపాదకవర్గం వారు కోరారు. రెవెన్యూ మిత్రులు మండలాలు వచ్చిన 1985 నాటి సంగతులు రాస్తారు. ఉపాధ్యాయ మిత్రులకు బడుల చరిత్ర ఉండనే ఉంది. వైర్‌లెస్ మెకానిక్‌గా ముప్పై ఏళ్ళకు పైగా కోస్తాలో స్తంభాలు ఎక్కి దిగినవాణ్ణి గనుక నా వంతుకు బొటనవేలంత వస్తువు ఒకటి మిగిలింది. అది ఏరియల్ దగ్గర కేబుల్ కలిసే జాయింటు. దానిలోకి నీరు పోకుండా కాపాడే విద్యకు కూడా చరిత్ర ఉందని, ఆ చరిత్రలో మన విడవలూరు వంటి తీర గ్రామాల ప్రాణాలు ముడిపడి ఉన్నాయని చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

తుఫానుల చరిత్ర రాసేవారు రాడార్ల గురించి, ఉపగ్రహాల గురించి రాస్తారు. రాయవలసిందే. 1970లో విశాఖపట్నంలో తుఫానులను పసిగట్టే రాడారు పెట్టారు. దరిమిలా తీరం పొడవునా మరికొన్ని వచ్చాయి. అయితే రాడారు చూసిన సంగతి ఊరికి చేరాలన్నా, ఊరి సంగతి కలెక్టరు గారికి చేరాలన్నా మధ్యలో ఎక్కడో ఒక ఇనుప గొట్టం, దాని కొనన ఏరియల్, ఆ ఏరియల్ నుంచి కిందికి దిగే నల్ల కేబులు ఉండి తీరాలి. గొలుసు బలమంతా దాని బలహీనమైన కొక్కెం దగ్గరే తేలుతుంది. మా గొలుసులో ఆ కొక్కెం ఈ జాయింటే.

తారు, పేము నుంచి పాలిథీన్ దాకా

తీగను నీటి నుంచి కాపాడే ప్రయత్నం మన దేశంలో వైర్‌లెస్ కంటే చాలా ముందే మొదలైంది. 1839లో కలకత్తా వైద్య కళాశాలలో రసాయనశాస్త్రం చెప్పే విలియం ఓషానెస్సీ అనే వైద్యుడు తంతి మీద ప్రయోగాలు చేశాడు. నేల మీద ఇరవై మైళ్ళకు పైగా తీగ లాగడమే గాక హుగ్లీ నది నీటిలోనూ తీగ వేసి చూశాడు. నీరు తగలకుండా ఆ తీగకు తారు వంటి కీలు పూసి, చీల్చిన పేము బెత్తంలో ఇమిడ్చి, పైన తారులో ముంచిన నూలు చుట్టాడు. మన దేశంలో కేబుల్‌కు కట్టిన మొదటి కట్లలో అదొకటి. సూత్రం చూడండి. లోపల మెత్తగా అంటుకొనేది, దాని మీద గట్టిగా కాపాడేది, అన్నింటికీ పైన చుట్టు. నూట ఎనభై ఏళ్ళు దాటినా మేము చేసే పని ఈ మూడు పొరలే.

ఆ తరువాత మలయా అడవుల చెట్టు పాలతో చేసే గట్టాపెర్చా వచ్చింది. 1866లో అట్లాంటిక్ సముద్రం అడుగున నిలకడగా పనిచేసిన తంతి కేబుల్‌కు అదే తొడుగు. ఒక తీగ చుట్టూ గొట్టంలాగా మరొక లోహం తొడిగే కేబుల్‌కు, అంటే ఇప్పుడు మనం కోయాక్సియల్ అంటున్నదానికి, 1880లో ఇంగ్లండులో ఆలివర్ హెవిసైడ్ పేటెంటు తీసుకొన్నాడు. 1929లో అమెరికాలోని బెల్ వారి ఇంజినీర్లు ఎస్పెన్‌షీడ్, ఆఫెల్ దాన్ని అనేక టెలిఫోను సంభాషణలు ఒకేసారి మోసే సాధనంగా రూపొందించారు. 1933లో ఇంగ్లండులో ఐ.సి.ఐ. కంపెనీ ప్రయోగశాలలో పాలిథీన్ అనుకోకుండా పుట్టింది. రెండవ ప్రపంచ యుద్ధంలో రాడార్ కేబుళ్ళకు అదే ప్రాణం పోసింది. నేడు కిరాణా కొట్టులో సంచీగా చేతికొచ్చే వస్తువు అప్పట్లో యుద్ధ రహస్యం అన్నమాట.

మేము వాడిన కనెక్టర్లు కూడా ఆ కాలపువే. 1930లలో ఆంఫినాల్ సంస్థకు చెందిన క్వాకెన్‌బుష్ రూపొందించిన మర కనెక్టరు, అంటే పి.ఎల్.259, మన దేశంలో వైర్‌లెస్ పనిచేసిన ప్రతి చేతికీ పరిచయమే. చౌక, గట్టి, సాల్డరింగ్‌కు అనువు. దానికి లేనిదల్లా నీటిని ఆపే రబ్బరు వాషరు. 1940లలో బెల్ ప్రయోగశాలకు చెందిన పాల్ నీల్ పేరుతో వచ్చిన ఎన్ రకం కనెక్టరులో ఆ వాషరు పెట్టారు. ధర ఎక్కువ గనుక అది మా వంటి కింది స్థాయి స్టేషన్లకు రావడానికి చాలా ఏళ్ళు పట్టింది. కాబట్టి నీటిని ఆపే బాధ్యత కనెక్టరుది కాక, దాన్ని బిగించే మనిషిదయింది.

నీరు ఎటునుంచి వస్తుంది?

వాన పైనుంచి పడుతుంది గనుక పైన మూస్తే చాలని కొత్తగా వచ్చిన కుర్రవాళ్ళు అనుకొనేవారు. వానకంటే పెద్ద దొంగ గాలి. పగలు ఎండకు నల్లటి కేబులు వేడెక్కి లోపలి గాలి వ్యాకోచించి సందుల్లోంచి బయటికి పోతుంది. రాత్రి చల్లబడగానే కేబులు ఊపిరి పీల్చినట్టు బయటి తేమగాలిని లోనికి లాక్కుంటుంది. ఆ తేమ లోపల నీటి బొట్టవుతుంది. మరునాడు మళ్ళీ అదే తంతు. అలా ఒక్క చుక్క వాన పడకుండానే నెలల తరబడిలో జాయింటులో చెంచాడు నీరు చేరవచ్చు. లోపలికి చేరిన నీరు చేరినచోట ఉండదు. దీపపు వత్తి నూనెను పీల్చినట్టు, అల్లిన రాగి జాలీ వెంబడి మీటర్ల కొద్దీ పాకుతుంది.

దీనికి తోడు మన తీరం. పెన్న సముద్రంలో కలిసేచోటికి ఉత్తరాన విడవలూరు, రామతీర్థం, ఊటుకూరు, ఆ పైన అల్లూరు వైపు ఇసకపల్లి ఉప్పుకయ్యలు. ఈ గాలిలో ఉప్పు ఉందని ఎవరికీ చెప్పనక్కరలేదు, కిటికీ ఊచలే సాక్ష్యం. ఉప్పుకు ఒక గుణం ఉంది. గాలిలో తేమ సుమారు 75 శాతం దాటితే అది తనంతట తానే నీరు కారుతుంది. వంటింట్లో ఉప్పుజాడీ వానాకాలంలో చెమర్చడం మన ఆడవాళ్ళకు తెలిసిందే. జాయింటు మరల మీద పేరుకొన్న ఉప్పుపొడి రాత్రి తడుస్తుంది, పగలు ఆరుతుంది. తడిసినప్పుడల్లా రాగిని కొరుకుతుంది. రాగి మొదట నల్లబడి తరువాత పచ్చని చిలుము పడుతుంది. అల్యూమినియం ఏరియల్‌కు ఇత్తడి బోల్టు బిగిస్తే ఆ రెండు లోహాల మధ్య ఉప్పునీరు బ్యాటరీలా పనిచేసి అల్యూమినియాన్ని తెల్లటి బూడిద చేస్తుంది.

నీటివల్ల నష్టం ఎంత? విద్యుత్ క్షేత్రాన్ని నిలుపుకొనే గుణం పాలిథీన్‌కు 2.3 అయితే నీటికి సుమారు 80. రెండింటి మధ్య సుమారు ముప్పై అయిదు రెట్ల తేడా అన్నమాట. 50 ఓముల లెక్కతో చేసిన కేబుల్‌లో నీరు చేరినచోట ఆ లెక్క తప్పుతుంది. పైకి పోవలసిన శక్తిలో కొంత వెనక్కి తిరిగి వస్తుంది, కొంత వేడిగా పోతుంది. అసలు కేబులు కొత్తదైనా ఖర్చు తప్పదు. 30 మీటర్ల పొడవున 150 మెగాహెర్ట్జ్ దగ్గర సన్న కేబులు ఆర్.జి.58 అయితే సుమారు నాలుగో వంతు శక్తిని మాత్రమే ఏరియల్‌కు చేరుస్తుంది. లావుపాటి ఆర్.జి.213 సుమారు సగం చేరుస్తుంది. మిగిలిన ఆ కాస్తనూ నీరు మింగితే ఇక ఊరి గొంతు ఊరు దాటదు.

తుఫానులు నేర్పినవి

1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెనను మన తరంవారు మరచిపోలేరు. అధికారిక లెక్కల ప్రకారమే సుమారు పదివేల మంది పోయారు. తీగలు, స్తంభాలు పడిపోయి జరిగిన ఘోరం ఎంతటిదో బయటి ప్రపంచానికి తెలియడానికే రోజులు పట్టింది. ఆ దెబ్బతో తీరం వెంబడి వైర్‌లెస్ మీద శ్రద్ధ పెరిగింది. 1984 నవంబరు 14న శ్రీహరికోట దగ్గర తీరం దాటిన తుఫాను మన జిల్లాకు మరో హెచ్చరిక. అయినా సెట్లు కొన్నంత ఉత్సాహంగా జాయింట్ల కోసం టేపు కొనరు గదా! సెట్టు బల్ల మీద అందరికీ కనబడుతుంది. టేపు స్తంభం కొనన కాకులకు మాత్రమే కనబడుతుంది.

1989 నవంబరు 8 అర్ధరాత్రి వేళ పెనుతుఫాను కావలి సమీపంలో తీరం దాటింది. ఆ రాత్రి సముద్రపు ఒడ్డున ఉన్న ఒక వైర్‌లెస్ స్టేషన్ సంగతి చెబుతాను. అది ఏ ఊరిది, ఏ కార్యాలయానిది అనేది ఇక్కడ అనవసరం. ఆ సాయంత్రం నుంచి ఆ సెట్టులో అవతలివారి మాట స్పష్టంగా వినబడుతూనే ఉంది. "పల్లెపాళెం జనాన్ని బడి దగ్గరికి చేర్చారా?" అని పైనుంచి పదేపదే అడుగుతున్నారు. ఇక్కడి ఆపరేటరు "చేర్చామండీ, చేర్చామండీ" అని గొంతు చించుకొంటున్నాడు. అవతలికి ఒక్క ముక్క చేరలేదు.

వినబడడం, వినిపించకపోవడం ఎలాగని అడగవచ్చు. పై స్టేషను ఎత్తైన స్తంభం మీద ఎక్కువ శక్తితో మాట్లాడుతుంది. సగం పోయినా మిగిలినది మనకు చాలు. మన సెట్టుది పది వాట్లు. జాయింటు అందులో సింహభాగం తినేస్తే మిగిలినది గాలివానలో నెల్లూరు దాకా పోదు. జవాబు రాకపోయేసరికి జనాన్ని తరలించలేదేమోనని పైవారు భయపడి, చీకట్లో ఒక మనిషిని జీపులో పంపారు. చెట్లు పడి దారి మూసుకుపోతే అతను జీపు దిగి నడిచి వెళ్ళి చూసి వచ్చాడు. క్షేమంగా తిరిగి వచ్చాడు గనుక ఈ కథ ఇలా చెప్పగలుగుతున్నాను. అతనికి అప్పటికి ఇద్దరు చిన్నపిల్లలు.

వారం తరువాత ఆ స్తంభం ఎక్కి జాయింటు కోసి చూసినవాణ్ణి నేనే. పైన మామూలు కరెంటు పని టేపు మూడు చుట్లు ఉంది. ఎండకు జిగురు కరిగి అంచులు లేచిపోయాయి. విప్పగానే పచ్చటి నీరు అరచేతిలో పడింది. రాగి జాలీ బొగ్గులా నల్లబడి, గోటితో గీరితే పొడి అయింది. ఒక మనిషి ప్రాణాన్ని తాకట్టు పెట్టినది రూపాయిల్లో లెక్కపెట్టదగ్గ టేపు.

దీనికి ఎదురు ఉదాహరణ కూడా చెప్పాలి. 1983 ఆగస్టులో నింగికెక్కిన ఇన్సాట్-1బి ద్వారా తుఫాను హెచ్చరికలను నేరుగా తీరప్రాంత కార్యాలయాలకు పంపే ఏర్పాటు 1980ల మధ్యలో దక్షిణ కోస్తాంధ్ర, ఉత్తర తమిళనాడు తీరాలలో మొదలైంది. డిష్ ఏరియల్, దాని నుంచి కేబులు, లోపల పెట్టె. హెచ్చరిక రాగానే పెట్టె సైరన్ మోగించి, తరువాత తెలుగులో మాట వినిపించేది. 1990 మే 9న కృష్ణా ముఖద్వారం వద్ద తీరం దాటిన తుఫాను బలంలో 1977 దానికి తీసిపోనిదే. కాని ముందే పెద్దయెత్తున జనాన్ని తరలించగలిగారు. మృతులు వెయ్యి లోపు. అదీ తక్కువ కాదు. కాని పదివేలకు, వెయ్యికి ఉన్న తేడాలో ఉపగ్రహానికి, అధికారులకు, ఊళ్ళు తిరిగిన సిబ్బందికి ఉన్న వాటాతోపాటు తడవని జాయింట్లకు కూడా రవ్వంత వాటా ఉందని నా నమ్మకం.

మా చేతుల మీదుగా మారిన విద్య

తొలిరోజుల్లో మా పెద్దవాళ్ళు జాయింటుకు మైనం పూసి, నూలుగుడ్డ చుట్టి, పైన తారు పోసేవారు. కొందరు సైకిల్ ట్యూబు ముక్క సాగదీసి కట్టేవారు. ఎండకు తారు కారిపోయేది, ట్యూబు పెచ్చులూడేది. తరువాత ఎం-సీల్ వచ్చింది. అది రాయిలా గట్టిపడుతుంది. కాని గాలికి కేబులు ఊగుతుంటే దాని అంచు దగ్గర సన్నని పగులు వస్తుంది. పైగా మరమ్మతు వస్తే జాయింటును కోసి పారేయడమే. ఒకచోట ఒక కాంట్రాక్టరు తెల్లటి సిలికాన్ జిగురు నింపి వెళ్ళాడు. పులిసిన వాసన వచ్చే ఆ రకం ఆరేటప్పుడు వెనిగర్‌లోని ఆమ్లాన్నే వదులుతుంది. ఒక్క వానాకాలానికే లోపలి రాగికి చిలుము పట్టింది. వాసన లేని రకాలు వేరే ఉంటాయి, వాడితే అవే వాడాలి.

చివరికి నిలిచినది తనలో తాను కలిసిపోయే రబ్బరు టేపు. దీనికి జిగురు ఉండదు. రెట్టింపు పొడవు వచ్చేలా సాగదీసి, సగానికి సగం ఒకదాని మీద ఒకటి ఎక్కేటట్టు చుడితే కొద్ది గంటల్లో పొరలన్నీ ఏకమై ఒకే ముద్ద అవుతాయి. దీనికి ఎండ పడదు గనుక పైన నల్లటి పి.వి.సి. టేపు చుట్టాలి. ఆ పై టేపు ఆఖరి చుట్టు మాత్రం సాగదీయకూడదు. సాగదీస్తే నాలుగు రోజుల్లో దాని కొన జెండాలా ఎగురుతుంది.

ఎటునుంచి చుట్టాలి అన్నది అసలు కిటుకు. మన ఊళ్ళలో పూరిల్లు కప్పేవాడు చూరు దగ్గర మొదలుపెట్టి కొప్పు దాకా పోతాడు. పై వరుస కింది వరుస మీద పడుతుంది, నీరు జారిపోతుంది. ఎవరైనా కొప్పు నుంచి కిందికి కప్పితే ఇల్లంతా కారుతుంది. టేపు కూడా అంతే. పై చుట్టు కింది నుంచి మొదలై పైకి పోవాలి. కొత్త కుర్రవాళ్ళకు నేను పుస్తకం చూపలేదు, బోదకొట్టం చూపించాను. ఒక్కసారికే పట్టుబడింది.

మిగిలినవి చిన్న చిన్న జాగ్రత్తలు. వాన వచ్చేముందు, తేమగా ఉన్నప్పుడు జాయింటు కట్టకూడదు, లోపలి తేమకు మనమే తాళం వేసినట్టవుతుంది. మరలకు కొంచెం సిలికాన్ గ్రీజు రాయాలి. కనెక్టరు మూతి కిందికి ఉండేలా కట్టాలి. కేబులు గోడలోకి వెళ్ళేముందు ఒక వంపు కిందికి వేలాడదీయాలి, నీటి బొట్టు ఆ వంపు దగ్గర నేలకు రాలుతుంది గాని ఇంట్లోకి రాదు. ఏరియల్ పెట్టెకు అడుగున ఉండే చిన్న రంధ్రాన్ని అతిజాగ్రత్తతో మూయకూడదు, అది నీరు బయటికి పోయే దారి. మన నెల్లూరు సీమకు ఎక్కువ వాన అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య ఋతుపవనాలలోనే గనుక, ఏటా సెప్టెంబరులో ప్రతి జాయింటునూ మీటరుతో పరీక్షించాలి. సెప్టెంబరులో ఎక్కిన స్తంభం నవంబరులో ఎక్కనక్కరలేదు.

ఇళ్ళలోనూ ఇదే కథ నడిచింది. 1987లో రామాయణం సీరియల్ వచ్చే నాటికి మేడలమీద చేప ముల్లు వంటి ఏరియల్స్ లేచాయి. వాటి రూపం 1926లో జపానులో ఉడా, యాగీ అనే వారి పరిశోధనలో పుట్టింది. ఆదివారం ఉదయం బొమ్మ మీద చుక్కలు పడితే పిల్లవాణ్ణి మేడ ఎక్కించి "ఇటు తిప్పరా, ఇంకొంచెం" అని అరవని ఇల్లు లేదు. చాలాసార్లు తప్పు దిక్కుది కాదు, చిలుము పట్టిన జాయింటుది.

ఇప్పుడు దీని అవసరమేముంది?

చేతిలో సెల్ ఫోను ఉండగా ఈ పాత విద్య ఎందుకని మనుమలు అడగవచ్చు. 2004 డిసెంబరు 26న సునామీ మన జిల్లా తీరాన్నీ, అండమాన్ దీవులనూ తాకింది. ఆనాడు పోర్ట్ బ్లెయిర్‌లో మామూలు సంపర్కాలు తెగిపోయినప్పుడు హామ్ రేడియో ఔత్సాహికులు కబుర్లు అందించారు. 1983లో హైదరాబాదులో ఏర్పడిన జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థకు చెందిన భారతీ ప్రసాద్ గారి బృందం రేడియో ప్రయోగాల కోసం అప్పటికే అక్కడ ఉంది. ఆమె స్టేషను ద్వారా ఎందరో తమవారి క్షేమం తెలుసుకొన్నారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను తాకినప్పుడు సెల్ ఫోన్లు మూగబోవడం మనం చూశాం. సెల్ టవరు మీద ఉన్నవీ ఏరియల్సే, వాటికీ జాయింట్లున్నాయి, వాటి మీదా ఉప్పుగాలి వీస్తుంది.

ఈ విద్య ఎక్కడా పాఠంగా లేదు. చేతి నుంచి చేతికి వచ్చింది. నాకు నేర్పిన ఇద్దరు పెద్దలు ఇప్పుడు లేరు. వారి పేర్లు ఏ నివేదికలోనూ లేవు, ఎందుకంటే పనిచేసిన జాయింటు గురించి ఎవరూ నివేదిక రాయరు. చెడినప్పుడే కాగితం కదులుతుంది. సోదర పెన్షనర్లలో లైన్‌మన్‌లుగా, ఫిట్టర్లుగా, ఆపరేటర్లుగా చేసినవారు ఎందరో ఉన్నారు. మీ చేతికి తెలిసిన కిటుకులు రెండు పుటలైనా రాసి సంఘం కార్యాలయానికి పంపండి. రాయడం కష్టమైతే మనుమడికో మనుమరాలికో చెప్పి రాయించండి. వచ్చే సెప్టెంబరులో మీ మేడమీది డిష్ కేబుల్ జాయింటు ఒకసారి చూడండి. మీరు ఎక్కవద్దు సుమా, పిల్లల్ని ఎక్కించి కింద నిలబడి చెప్పండి. చూరు నుంచి కొప్పుకు.